పాతబస్తీ సినిమాకు పాతబస్తీలో తెర కావాలి

హైదరాబాద్ పాతబస్తీ మీద వచ్చిన డాక్యుమెంటరీల్లో నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది ‘క్యా హువా ఇస్ షహర్ కో?’. హైదరాబాద్‌లోనే పుట్టిన దీపా ధన్‌రాజ్ దర్శకత్వంలో, నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కెమెరాతో, హైదరాబాద్ ఏక్తా అనే పౌరవేదిక తోడుగా తయారై 1986లో బయటికొచ్చింది. 1984 మతకల్లోలాలు దాని విషయం. ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని ఆగస్టులో పడగొట్టి, సెప్టెంబరులో మళ్లీ గద్దెనెక్కించిన ఆ రోజుల్లోనే పాతబస్తీ కత్తిపోట్లతో, కర్ఫ్యూలతో అల్లాడిపోయింది. ఊరేగింపుల్నీ, నాయకుల ప్రసంగాల్నీ, కర్ఫ్యూలో చిక్కుకున్న బస్తీల్నీ పక్కపక్కన పెట్టి, అల్లర్లు వాటంతటవే పుట్టవని ఆ సినిమా చూపించింది. ఇంత ముఖ్యమైన సినిమాను పాడవకుండా కాపాడి, డిజిటల్ రూపంలోకి తెచ్చి, 2013లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో మళ్లీ తెరకెక్కించింది మాత్రం అక్కడి ఆర్సెనాల్ సంస్థ. అందుకు వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కానీ తన వీధి చరిత్ర చూడాలనుకున్న శాలిబండ కుర్రాడు ఎక్కడికెళ్లి ఆ సినిమా అడగాలి? తీసిన బస్తీకే తిరిగొచ్చి, అందులో కనిపించినవాళ్లు కూర్చుని చూసి, మెచ్చుకునో తిట్టుకునో మాట్లాడుకుంటేనే డాక్యుమెంటరీ పూర్తయినట్టు. పాతబస్తీ విషయంలో ఆ తిరుగుదారి మూసుకుపోయి ఉంది. దాన్ని తెరవడం ప్రభుత్వం చేతిలోనూ, నగరం చేతిలోనూ ఉన్న పని.

ఈ మాట గాలిలోంచి పుట్టింది కాదు. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, నవ్‌రోజ్ కాంట్రాక్టర్, మీరా రావు కలిసి 1980లో బెంగళూరులో మొదలుపెట్టిన యుగాంతర్ బృందం పని తీరే అది. పుణెలో ఇంటిపని చేసే ఆడవాళ్లతో, నిపాణిలో పొగాకు కార్మికురాళ్లతో వాళ్లు సినిమాలు తీశారు. 1983లో హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటనతో కలిసి ఇంట్లో ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి తెలుగులో ‘ఇది కథ మాత్రమేనా?’ తీశారు. ఎవరి గురించి తీస్తున్నారో వాళ్లతోనే కూర్చుని కథ అల్లుకోవడం, తీశాక సంఘాల సమావేశాల్లో, బస్తీల్లో వేసి చర్చ పెట్టడం వాళ్ల పద్ధతి. ఆ దశకంలోనే కేరళలో జాన్ అబ్రహాం మిత్రుల ఒడెస్సా బృందం ఊరూరా సినిమాలు వేసి, జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో ‘అమ్మ అరియాన్’ నిర్మించింది. దారి ఖర్చులకే తడుముకునే నలుగురైదుగురు మనుషులు చేసిన పనులివి. పెట్టుబడి పెట్టిన పెద్ద సంస్థ వెనకాల ఉండి ఉంటే, చూసేవాళ్ల గురించి ఇంతగా ఆలోచించాల్సిన అవసరం వాళ్లకు వచ్చేదే కాదేమో.

చిన్న బృందమంటే డబ్బు లేకపోవడం మాత్రమే అనుకుంటే పొరపాటు. పాతబస్తీకి అదే సరైన కొలత. 16 ఎంఎం కెమెరాలో 400 అడుగుల రీలు పదకొండు నిమిషాలు తిరిగేసరికి అయిపోతుంది. ఊరేగింపు మధ్యలో, తోపులాటలో నిలబడి, ఏ నిమిషం తీయాలో ఏది వదిలేయాలో అక్కడికక్కడ తేల్చుకోవాలి. పక్కన సౌండ్ పట్టే మనిషి, కెమెరామన్ వీపు మీద చెయ్యి వేసి వెనక్కి నడిపించే ఇంకొకరు, అంతే బలగం. ఈ రోజుల్లో మెమరీ కార్డులొచ్చి రీళ్ల బెంగ తీరింది గానీ గల్లీల వెడల్పు మారలేదు. చార్మినార్ చుట్టుపక్కల వెండి వరఖ్ తయారుచేసే పనివాళ్లనే తీసుకోండి. వెండి ముక్కల్ని తోలు పుస్తకం పొరల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో కొడతారు. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచన అయ్యేదాకా ఆ దెబ్బల లయ తప్పదు. ముగ్గురు మనుషులు మైకుతో ఓ మూల ఒదిగి కూర్చుంటే గంట తర్వాత వాళ్ల ఉనికి ఎవరికీ పట్టదు. పాతిక మంది లైట్లు, జనరేటరుతో దిగితే మాత్రం పని ఆగిపోతుంది. కెమెరాకు దొరికేది పని కాదు, నటన.

ఇలా తీసిన సినిమాకు ఊళ్లో ఏం జరుగుతుందో చూద్దాం. బహిరంగంగా ప్రదర్శించే సినిమాకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ ఉండాలి. చిత్రోత్సవాలకు కేంద్రం మినహాయింపు ఇస్తుంది, ఇవ్వకనూ పోవచ్చు. రోహిత్ వేముల మరణం తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జరిగిన ఉద్యమం మీద తీసిన ‘ది అన్‌బేరబుల్ బీయింగ్ ఆఫ్ లైట్‌నెస్’కు 2017లో కేరళ డాక్యుమెంటరీ ఉత్సవం కోసం ఆ మినహాయింపు దక్కలేదు. పోనీ సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా అంటే అదీ లేదు. ఆనంద్ పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’కు యూ సర్టిఫికెట్ ఉంది, జాతీయ అవార్డూ వచ్చింది. అయినా 2019 ఆగస్టులో సెంట్రల్ యూనివర్సిటీలో దాన్ని వేయబోయిన విద్యార్థులను పోలీసులు తీసుకెళ్లారు. 2024 జనవరిలో సైనిక్‌పురిలోని ఓ కేఫ్‌లో ప్రదర్శన మధ్యలో ఆగిపోయి, నిర్వాహకుల మీదే నేరేడ్‌మెట్ పోలీసులు కేసు పెట్టారు. చట్టం అడిగిన కాగితం చేతిలో ఉన్న సినిమాకే ఈ గతి పడితే, పాతబస్తీలో తెర కట్టాలన్న ఆలోచన ఏ చిన్న బృందానికి మాత్రం వస్తుంది? అందుకే పాతబస్తీ గురించి తీసినవి మూసీ దాటి బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్ల పడుతుంటాయి. లామకాన్ చేస్తున్నది గొప్ప పనే. కాకపోతే సినిమాలో కనిపించినవాళ్లు ఆ ప్రేక్షకుల్లో ఉండటం అరుదు.

పాత గాయాలు కెలకడం ఎందుకు, ఇప్పుడు ప్రశాంతంగా ఉంది కదా అని అడిగేవాళ్లున్నారు. ఈ భయాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆ రోజుల్లో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. కానీ మన వీధుల గురించి తెలియకపోవడం వల్ల దక్కే శాంతి ఎవరో అబద్ధం పుట్టించే వరకే నిలుస్తుంది. 1984లో పుకార్లు నోటి మాటగా పాకాయి, ఇప్పుడు వాట్సాప్‌లో క్షణాల్లో చేరతాయి. పుకారును నిలదీయడానికి, అప్పుడు నిజంగా ఏం జరిగిందో కళ్లతో చూసే అవకాశం కావాలి. చేతిలో ఫోనున్న ప్రతివాడూ వీడియో తీస్తున్నాడు, ఇంక డాక్యుమెంటరీ ఎందుకన్నది మరో వాదన. చార్మినార్, బిర్యానీ, గాజుల వీడియోలకు లోటు లేదు, నిజమే. అవి చూపించే పాతబస్తీ సాయంత్రం షాపింగుకు వచ్చినవాడికి కనిపించే పాతబస్తీ. ఆ గాజులు చేసే మనిషికి రోజుకెంత గిడుతుంది, వాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు అన్నది నెలల తరబడి వెళ్లివస్తే తప్ప తెలియదు.

నాకు బలంగా అనిపించే ఆక్షేపణ వేరే ఉంది. డాక్యుమెంటరీవాళ్లు బయటినుంచి వస్తారు, పేదరికాన్ని తీసుకెళ్లి పండగల్లో అవార్డులు తెచ్చుకుంటారు, బస్తీకి మిగిలేది ఏమీ లేదని స్థానికులే అంటారు. చాలా సినిమాల విషయంలో అది న్యాయమైన కోపం. ప్రదర్శన బస్తీలోనే జరగాలని పట్టుబట్టడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. తన ఇంటి గురించి తప్పు చెప్పారని ఒకామె లేచి నిలబడి దర్శకుణ్ని అడిగే వీలుంటే, తీసేటప్పుడే ఆ దర్శకుడు జాగ్రత్తపడతాడు. ఏ సెన్సార్ బోర్డూ చేయలేని దిద్దుబాటు అది.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఖిల్వత్‌లో ఉర్దూ మస్కన్ ఆడిటోరియం ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైనప్పటి నుంచి పుస్తకాలు దాస్తోంది. అందులో నగరం మీద తీసిన సినిమాల కాపీలకు ఒక గది కేటాయించి, అడిగినవారికి చూపించడం పెద్ద ఖర్చు కాదు. సర్టిఫికెట్ ఉన్న సినిమా ప్రదర్శనకు అడ్డుపడేవారి మీద చర్య తీసుకోవాలి తప్ప నిర్వాహకుల మీద కాదని పోలీసులకు హోంశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. ఇది ఇప్పుడే జరగాలి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం దారుల్‌షిఫా, శాలిబండ మీదుగా రోడ్డు వెడల్పు చేస్తున్నారు, 2025 జనవరిలో కట్టడాల కూల్చివేత మొదలైంది. మెట్రో రావాల్సిందే, పాతబస్తీ దాని కోసం ఏళ్లుగా ఎదురుచూసింది. పోయే దుకాణాలను, వాటి యజమానుల మాటలను ఈ కొద్ది కాలంలోనే ఎవరైనా కెమెరాకెక్కించాలి. ఆ పనికి ముందుకొచ్చే చిన్న బృందాలకు మెట్రో సంస్థ అనుమతి పత్రమూ, ఓ మోస్తరు దారి ఖర్చూ ఇచ్చి, తీసిన ప్రతి సినిమా కాపీ అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో జమ చేయాలన్న ఒక్క షరతు పెడితే చాలు. సినిమాలో ఏముండాలన్న షరతు మాత్రం పెట్టకూడదు.