భృతి లేని శిక్షణ ఎవరి కోసం?

పట్టభద్రులకు పని రాదని పరిశ్రమలు, పని నేర్పేవారే కరవయ్యారని విద్యార్థులు దశాబ్దాలుగా వాపోతున్నారు. చదువు సాగుతుండగానే కొన్ని నెలలు కర్మాగారంలోనో, కార్యాలయంలోనో భృతిపై పనిచేయించడం ఇందుకు ఎరిగిన విరుగుడే. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం 1906లోనే ఈ పద్ధతికి శ్రీకారం చుట్టింది. మన దేశంలో పిలానీలోని బిట్స్ 1973 నుంచి ప్రాక్టీస్ స్కూల్ పేరిట విద్యార్థులను పరిశ్రమలకు పంపుతోంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని ఇంజనీరింగ్ పట్టభద్రులకు, డిప్లొమాదారులకు వర్తింపజేసిందీ 1973లోనే. అయినా 2020-21 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 150 ఉన్నత విద్యాసంస్థల్లో అప్రెంటిస్‌షిప్‌తో కూడిన డిగ్రీ, డిప్లొమా కోర్సులు రానున్నాయని ఒక కొత్త విశేషంగా ప్రకటించవలసి వచ్చింది!

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో సాధారణ డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. ఆలోచన మెచ్చదగినదే. కానీ శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి విశాఖకు వచ్చి సంస్థలో చేరే విద్యార్థి మాటేమిటి? గది అద్దె, మెస్ ఖర్చు, బస్సు చార్జీలు ఎవరు భరిస్తారు? భృతి లేకపోతే ఆ నెలల భారం కూలిపని చేసే తండ్రిపైనే పడుతుంది. కలిగిన ఇంటి బిడ్డ పెద్ద సంస్థలో పని నేర్చుకుంటాడు. లేనివాడు ఊళ్లోనే ఉండి ఎలాగోలా ఒక ధ్రువపత్రం సంపాదించుకుంటాడు. సొమ్ము పుచ్చుకుని అలాంటి కాగితాలు ఇచ్చే దుకాణాలకు కొదవ లేదు. మార్కులు ఇద్దరికీ పడతాయి, పని ఒక్కడికే వస్తుంది.

చట్టం కళ్లు మూసుకుందని అనలేం. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ వారిలో రెండున్నర శాతానికి తగ్గకుండా అప్రెంటిస్‌లను తీసుకోవాలని, పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలివ్వాలని 2019 నిబంధనలు నిర్దేశించాయి. పట్టభద్రులకిచ్చే ఆ కనీస భృతిలో సగం కేంద్రమే భరిస్తుంది. అయితే ఇదంతా అప్రెంటిస్‌గా నమోదైన వారికే. అదే బల్ల వద్ద అదే పని చేస్తున్నా, ఇంటర్న్ అన్న పేరు తగిలిస్తే చాలు, భృతి యాజమాన్యం దయాధర్మమవుతుంది.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఈ లోటు తీర్చలేదు. ప్రయోగాత్మక దశలో నెలకు 5,000 రూపాయలు నిర్ణయించగా, అందులో 4,500 ప్రభుత్వానివి, దేశంలోని అగ్రశ్రేణి కంపెనీల వాటా 500! పైపెచ్చు, పూర్తికాల విద్య అభ్యసిస్తున్నవారు ఆ దశలో అనర్హులు. అంటే భృతి ఉన్నచోట విద్యార్థికి ప్రవేశం లేదు, ప్రవేశం తప్పనిసరి అయినచోట భృతికి హామీ లేదు.

కొత్తవారికి పని నేర్పడానికే తమ సమయం చెల్లిపోతుందని చిన్న సంస్థలు అంటున్నాయి. తొలి నెలల వరకు ఆ మాట నిజమే. వాటికి ప్రభుత్వ వాటా సకాలంలో అందించాలి. పెద్ద కంపెనీలకు ఆ సాకు చెల్లదు. డిగ్రీలో భాగమైన దీర్ఘకాల ఇంటర్న్‌షిప్ ప్రతిదాన్నీ అప్రెంటిస్‌ల చట్టం కింద నమోదు చేయించి, భృతి చెల్లించిన సంస్థల్లోని శిక్షణకే విశ్వవిద్యాలయాలు మార్కులు వేయాలి. అందుకు కొత్త పథకమేదీ అక్కరలేదు.