మళ్ళీ మొదలైందని బెంగ పెట్టుకోకండి

గొలుగొండ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. బాబు ఏడో తరగతి. రెండేళ్ళ కిందట చేతులు కడగడం మొదలెడితే అరగంట దాకా కుళాయి వదిలేవాడు కాదట. రాత్రిపూట తలుపు గడియ పది పన్నెండుసార్లు లేచి చూసేవాడట. విశాఖలో చూపిస్తే డాక్టరుగారు ఓసీడీ అన్నారు. మందులు, నర్సీపట్నం మీదుగా బస్సు ప్రయాణాలు, ఇంట్లో రోజూ సాధన. ఏడాది తిరిగేసరికి పిల్లాడు తేరుకున్నాడు. ఈ జూన్‌లో బడి తెరిచిన పది రోజులకే మళ్ళీ సబ్బు పట్టుకున్నాడు. "ఏటమ్మా, గుంటడికి మళ్ళీ మొదలైందేటి?" అని పక్కింటావిడ అడిగిందట. పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని ఈ తల్లి బాధ.

కాదమ్మా, ఏమీ పోలేదు. ఈ జబ్బు తీరే అంత. తగ్గినట్టే తగ్గి, అదను చూసుకుని తల ఎత్తుతుంది. బడి తెరిచే రోజులు, పరీక్షలు, జ్వరం పడి లేచాక, ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు దానికి బలం వస్తుంది. అయితే మొదటిసారి మీకు దాని పేరు కూడా తెలీదు. ఈసారి పేరు తెలుసు, డాక్టరు తెలుసు. అన్నిటికీ మించి, దాన్ని ఒకసారి తరిమిన అనుభవం పిల్లాడికుంది. ఆ మాట వాడికి గుర్తు చెయ్యండి.

మన ఇళ్ళల్లో మడి, ఎంగిలి, అంటు అనే పట్టింపులు ఉంటాయి కాబట్టి చాలామంది దీన్ని చాదస్తం కింద జమ కడతారు. తేడా ఉంది. మడి కట్టుకున్న బామ్మగారు స్నానం అయ్యాక హాయిగా వంట చేసుకుంటారు. ఈ పిల్లాడికి కడిగాక కూడా తృప్తి ఉండదు. కడగకపోతే అమ్మకేదో అయిపోతుందని భయం. ఆ భయం అర్థం లేనిదని చాలామంది పిల్లలకి తెలుసు కూడా, అయినా ఆగలేరు. రోజుకి గంటకి పైగా ఇలాంటి వాటికే పోతూ చదువు, నిద్ర, ఆట చెడుతుంటే అది చాదస్తం కాదు, వైద్యం కావలసిన జబ్బు. అంటే కొట్టినా పోదు, సబ్బు దాచేసినా పోదు. తండ్రులు చేసే మొదటి పని ఆ దాచడమే!

తల్లులు చేసేది ఇంకోటి. మళ్ళీ మొదలైందనగానే జాలి ముంచుకొస్తుంది. వాడు "అమ్మా, గడియ పెట్టానా?" అంటే "పెట్టావు నాన్నా" అంటాం. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్తాం. వాడి కంచం విడిగా కడుగుతాం, నాయనమ్మ చెంబుతో నీళ్ళు పోస్తుంది. ఆ క్షణానికి పిల్లాడు కుదుటపడతాడు, నిజమే. కానీ ఆ జవాబూ ఆ నీళ్ళూ జబ్బుకి మేతే. పది నిమిషాల్లో అదే ప్రశ్న తిరిగొస్తుంది. వెనకడుగు పడ్డ రోజుల్లో ఇల్లంతా తెలీకుండా పాత అలవాట్లలోకి జారిపోవడం మామూలు. ముందు అడ్డుకోవలసింది దాన్నే.

అలాగని ఒక్కరోజులో అన్నీ మానేసి బిగుసుకుపోకండి. వాడికది శిక్షలా ఉంటుంది. కూర్చోబెట్టి ముందే చెప్పండి: "ఇదివరకు నువ్వు పదిసార్లు అడిగితే పదిసార్లు చెప్పాను. రేపటి నుంచి ఒక్కసారే చెప్తాను. రెండోసారి అడిగితే 'ఇది జిడ్డుగాడు అడుగుతున్నాడు' అంటాను." జబ్బుకి ఇలా ఒక పేరు పెట్టుకోమంటారు వైద్యులు. పేరు పిల్లాడే పెడితే మరీ మంచిది. అప్పుడు తగువు అమ్మకీ కొడుక్కీ కాదు, ఇద్దరూ ఒక పక్క, జిడ్డుగాడు ఒక పక్క.

1966లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ప్రకటించిన పద్ధతి నుంచి ఎదిగినదే ఇప్పటి చికిత్స. భయపడే పనికి ఎదురు నిలబడాలి, ఆ తర్వాత కడగకుండా, సరిచూడకుండా ఆగాలి. ఆగితే భయం పెరిగి, నెమ్మదిగా దానంతటదే దిగుతుంది. దిగుతుందని పిల్లాడు స్వయంగా చూడాలి, మనం చెప్తే నమ్మడు. డాక్టరుగారు మీకు మెట్లు రాసిచ్చే ఉంటారు. ఆ కాగితం తియ్యండి. పోయినసారి ఎక్కిన పై మెట్టు దగ్గర కాకుండా, రెండు మెట్లు దిగి మొదలెట్టండి. తలుపు పిడి ముట్టుకుని ఐదు నిమిషాలు కడగకుండా ఉండడం లాంటిది. భయం పదికి ఎంతో వాడినే అడిగి పుస్తకంలో వేయండి. మొదట ఎనిమిది అంటాడు, కాసేపటికి ఐదు అంటాడు. రెండోసారి అదే పనికి ఆరు అనొచ్చు. ఒకరోజు తొమ్మిదికి పోయినా కంగారు పడొద్దు, రాసుకుని ఊరుకోండి. మెచ్చుకునేటప్పుడు "ఇవాళ కడగలేదు" అనేకంటే "భయమేసినా ఆగావు" అనండి.

ఒక ప్రశ్న సూటిగా అడుగుతాను. బాగైపోయాడని వేసవిలో మాత్రలు ఆపేశారా? ఎక్కువ ఇళ్ళల్లో జరిగేది ఇదే. ఈ మందులు పనిచేయడానికే 8 నుంచి 12 వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడి, డాక్టరు చెప్పిన లెక్కనే కొద్దికొద్దిగా తగ్గించాలి. మీ అంతట మీరు ఆపడం గానీ, మిగిలినవి తీసి మళ్ళీ వెయ్యడం గానీ చెయ్యకండి. గొంతునొప్పి, జ్వరం వచ్చిన కొద్దిరోజులకే ఇది ఒక్కసారిగా ఉధృతమైతే ఆ సంగతీ డాక్టరుకి చెప్పాలి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తామంటే నాకేం అభ్యంతరం లేదు, మాత్ర మాత్రం వేళకి వెయ్యండి.

ప్రతిసారీ విశాఖ వెళ్ళిరావడం కష్టమే. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. మధ్యలో సందేహం వస్తే 14416కి ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బాబు అన్నం మానేసినా, బడి పూర్తిగా మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా బస్సు దొరికిన వెంటనే తీసుకెళ్ళండి, అపాయింట్‌మెంటు కోసం చూడొద్దు.

క్లాసు టీచరుకి కూడా ఒకసారి చెప్పిరండి. పదే పదే రాసి కొట్టేస్తుంటే, నోట్సు ఆలస్యమైతే, పది మందిలో నిలబెట్టి తిట్టొద్దనీ, నీళ్ళ కుళాయి దగ్గర ఎంతసేపు ఉంటున్నాడో గమనించమనీ అడగండి. ఆ లెక్క కూడా మీ పుస్తకంలో వేసుకుంటే, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పనికొస్తుంది.