ఆ బావిలో మన బొక్కెన ఏది?

అక్టోబర్ 2 వచ్చిందంటే సభల్లో ఒకటే కథ. అమెరికాలో థోరో అనే రచయిత అన్యాయపు ప్రభుత్వానికి పన్ను కట్టనన్నాడు, జైలుకు పోయాడు, వ్యాసం రాశాడు. అది చదివి గాంధీ సత్యాగ్రహం చేశాడు. గాంధీని చూసి మార్టిన్ లూథర్ కింగ్ నడిచాడు. గురువు, శిష్యుడు, ప్రశిష్యుడు. ఈ వంశవృక్షంలో అంబేడ్కర్ ఎక్కడ, మహద్ ఎక్కడ అని అడిగి చూడండి. మైకు ముందున్నాయన మంచినీళ్లు తాగుతాడు.

అసలు ఆ కథే వంకర. 1935లో గాంధీ స్వయంగా ఒక తెలుగు మనిషికి, సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో పనిచేసిన పి. కోదండరావుకు ఉత్తరం రాశాడు. తన ఆలోచన థోరో నుంచి వచ్చిందనడం తప్పని, ఆ వ్యాసం చేతికొచ్చేసరికే దక్షిణాఫ్రికాలో పోరాటం చాలా దూరం నడిచిందని అందులో చెప్పాడు. థోరో దగ్గర తీసుకున్నది ముఖ్యంగా ఒక పేరు, ఇంగ్లీషు పాఠకులకు అర్థమయ్యేందుకు. కింగ్ కూడా గాంధీ చేతి మీదుగా థోరోను అందుకోలేదు. మోర్‌హౌస్ కాలేజీలో చదువుకునే రోజుల్లోనే ఆ వ్యాసం చదివాడు.

పడమటి విమర్శకులు థోరోను తక్కువేం తిట్టలేదు. 1865లో లోవెల్, 1880లో స్టీవెన్సన్, 2015లో న్యూయార్కర్ పత్రికలో కాత్రిన్ షుల్జ్. అహంకారి అన్నారు, లోకం నుంచి తప్పుకున్నవాడన్నారు. అది వాళ్ల ఇంటి తగాదా. మన తగాదా వేరే ఉంది. అది మనువు దగ్గర మొదలవుతుంది.

1843 జనవరిలో 'ది డయల్' పత్రికలో మనుధర్మశాస్త్రం నుంచి ఏరిన భాగాలు అచ్చయ్యాయి. ఏరింది థోరోనే. 1849లో శాసనోల్లంఘన వ్యాసం అచ్చయింది. అదే ఏడాది వచ్చిన తన మొదటి పుస్తకంలో మనువును తెగ పొగిడాడు. విలియం జోన్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం అప్పటికే ఉంది. చండాలుడు ఊరి బయటే ఉండాలన్న మాట అందులోనూ ఉంది. థోరోకు ధ్యానం కనిపించింది, ఊరి బయట ఉన్న మనిషి కనిపించలేదు. 84 ఏళ్ల తర్వాత, 1927 డిసెంబర్ 25న, మహద్‌లో ఆ పుస్తకాన్నే తగలబెట్టారు.

ఇంకో మాట. ఆ రోజుల్లో న్యూ ఇంగ్లండ్ చెరువుల మంచుగడ్డలు ఓడల్లో మద్రాసు దాకా వచ్చేవి. వాల్డెన్ చెరువులో మంచు కోస్తుంటే చూసిన థోరో ఒక కల కంటాడు: బ్రాహ్మణుడి సేవకుడు నీళ్లకు వచ్చాడు, ఇద్దరి బొక్కెనలు ఒకే బావిలో తగిలాయి, వాల్డెన్ నీళ్లు గంగలో కలిశాయి. అందమైన ఊహే. కానీ ఈ దేశంలో మన బొక్కెన ఆ బావిలో తగిలితే ఏమయ్యేది?

మహద్ జవాబు చెప్పింది. ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. చవదార్ చెరువును తెరిచామని మహద్ మున్సిపాలిటీ కూడా కాగితం మీద రాసింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట నడిచి నీళ్లు తాగినవాళ్లు ఏ చట్టాన్నీ ధిక్కరించలేదు. చట్టాన్ని అమలు చేశారు. దానికే దెబ్బలు తిన్నారు. థోరో ఎదురు నిలిచింది ప్రభుత్వానికి. మనం ఎదురు నిలవాల్సింది ప్రభుత్వానికీ, ఊరికీ. కాగితం తయారు చేసే ఊరోళ్లం మనం. కాగితం మీది హక్కు ఎంత పలచనో కాగజ్‌నగర్‌కు ఇంకొకరు చెప్పాలా?

ధిక్కారానికి ధర కూడా అందరికీ ఒకటి కాదు. 1846 జూలైలో థోరో ఒక్క రాత్రి జైల్లో ఉన్నాడు. ఎవరో పన్ను కట్టేశారు, పొద్దున విడుదలై అడవి పండ్లు ఏరుకోవడానికి పోయాడు. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్నందుకు, మున్నంగి సువార్త తన బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు, ఆరుగురు మాదిగలను చంపారు. ధిక్కారం గురించి పాఠం చెప్పేటప్పుడు సువార్త పేరు లేకపోతే అది సగం పాఠమే.

మరి థోరోను అవతల పారేద్దామా? వద్దు. బానిసత్వం మీద ఆయన నిప్పులు కక్కాడు. పారిపోయి వచ్చిన బానిసలకు సాయం చేశాడు. 1859లో జాన్ బ్రౌన్ పక్షాన బహిరంగంగా నిలబడ్డాడు. 'వాల్డెన్'లో ఒక అధ్యాయం ఆ అడవిలో అంతకుముందు బతికినవాళ్ల గురించి: కేటో ఇంగ్రహామ్, జిల్ఫా, బ్రిస్టర్ ఫ్రీమాన్. బానిసత్వం అనుభవించిన నల్లజాతి మనుషులు. నేల సారం లేని చోటుకు నెట్టబడ్డవాళ్లు. మన వాడల లెక్కనే. ఏకాంతం గురించి పేరాలకు పేరాలు వల్లించే అభిమానులు ఈ అధ్యాయాన్ని దాటేస్తారు.

ఎందుకంటే ఖాళీ అడవి అందరికీ నచ్చుతుంది. థోరో ఎమర్సన్ భూమిలో రెండేళ్ల చిల్లర ఉండి ఇంటికి తిరిగొచ్చాడు. జోడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో ప్రాణమిచ్చింది ఏకాంతం కోసం కాదు, జల్ జంగల్ జమీన్ కోసం. అడవిని మనుషులు లేని బొమ్మగా చూసే కన్ను ఇంకా పోలేదు. 2025 మేలో మన జిల్లా అడవులను పులుల కారిడార్ పేరిట కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తూ జీవో 49 వచ్చింది. ఆదివాసులు రోడ్డెక్కితేగానీ జూలైలో అది ఆగలేదు.

విద్యార్థి మిత్రులారా, థోరోను చదవండి. ఆ వ్యాసం పక్కన మహద్‌ను, కారంచేడును పెట్టి చదవండి. సెమినార్‌లో ఎవరైనా వంశవృక్షం గీస్తే లేచి నిలబడి ఒక్కటే అడగండి: ఆ బావిలో మన బొక్కెన ఏది?

జై భీమ్.