కంచం పొత్తు కాడనే ఆగిపోయిన దోస్తుకు

పోయిన క్రిస్మస్‌కు నా కిరాయి రూములో పదకొండు మందిమి తిన్నం. ఊరికి పోలేనోళ్లు, పోతే పెండ్లి చేస్తరని భయపడేటోళ్లు, హాస్టల్ మెస్ బంద్ అయితే ఆకలికి పడ్డోళ్లు. ఆరేండ్ల నుంచి వీళ్లే నా అక్కలు, తమ్ముళ్లు. కిటికీలు బిగించి, తలుపు కింద తడి తువ్వాల కుక్కి పెద్దకూర వండిన. మసాలా హంగులేం లేవు. అల్లం, ఎల్లిగడ్డ, కారం, అంతే. బొక్కలు మెత్తగయ్యేదాకా.

అండ్ల ఒక తమ్ముడు (పేరెందుకు, ఇది చదువుతడు) మూడుసార్లు పెట్టించుకున్నడు. రాత్రికి పోస్టు పెట్టిండు: "ఈ కంచంలో కులం లేదు." ఫొటోలో నా రూము, నా గిన్నె. వారం తిరగకముందే ఓనర్ ఖాళీ చెయ్యమన్నడు.

తమ్మీ, లైకులు నీకొచ్చినయ్. సామాన్లు నేను మోసిన.

సహపంక్తి భోజనాలతో కులం చావదు, కులాంతర పెండ్లిళ్లే అసలు మందని అంబేద్కర్ 1936లనే 'కుల నిర్మూలన'లో తేల్చిండు. మన ముసలోళ్ల మాటల చెప్పాల్నంటే కంచం పొత్తు కాదు, మంచం పొత్తు. నువ్వు కంచం కాడనే ఫొటో దిగి ఆగినవ్. మీ అక్క పెండ్లి కార్డు నాకు వాట్సాప్‌ల గూడ రాలే. సంక్రాంతికి మీ సకినాలు డబ్బాల వస్తయ్, నేను మీ గడప తొక్కింది లేదు.

2012ల ఉస్మానియా పిల్లలు పెద్దకూర పండుగ అందరి ముందట చేసి దెబ్బలు తిన్నరు. నేను కిటికీ మూసి వండిన. ఆ సిగ్గు నాదే, ఒప్పుకుంట.

మల్ల డిసెంబర్ వస్తున్నది. కూర నేనే తెస్త, కారం నేనే నూరుత. ఈసారి పొయ్యి మాత్రం మీ ఇంట్లది. అమ్మకు ఇయ్యాల్నే ఫోన్ చేసి చెప్పు.