వెల్ల వేసే ముందు సామాను బయట పెట్టండి

వర్చువల్ మెషీన్లున్న సర్వరు మీద హోస్టు సాఫ్ట్‌వేర్ మళ్ళీ కొత్తగా ఎక్కించాల్సి వస్తే, లోపలున్న మెషీన్ల గతేంటి? ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. కారణం తెలిసిందే. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనేసింది. డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసింది. వీఎస్ఫియర్ 7కి మామూలు సపోర్టు 2025 అక్టోబరుతో అయిపోయింది. దాంతో ఇక్కడ అమెరికాలో చిన్న చిన్న ఆఫీసులవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ముట్టుకోని సర్వర్లను కదపక తప్పడం లేదు.

ఈఎస్ఎక్స్ఐ ఇన్‌స్టాలరు పాత డిస్కును చూడగానే మూడు దారులు చూపిస్తుంది: అప్‌గ్రేడ్ చెయ్యడం, డేటాస్టోరును ఉంచి కొత్తగా ఎక్కించడం, దాన్ని కూడా చెరిపేసి ఎక్కించడం. "రెండోది ఉందిగా, ఇంక బ్యాకప్పెందుకండీ?" అంటారు మనవాళ్ళు. అది బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ రెండో వరుసకీ మూడో వరుసకీ మధ్య దూరం ఒక్క మీట. ఇలాంటి పనులు మనం చేసేదేమో శుక్రవారం అర్ధరాత్రి, నిద్రమత్తులో.

పైగా ఆ దారి కాపాడేది డేటాస్టోరును మాత్రమే. వర్చువల్ స్విచ్చులు, పోర్ట్ గ్రూపుల పేర్లు, వీల్యాన్ నంబర్లు హోస్టుతోపాటే పోతాయి. అవి ముందే కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఒక్కో మెషీన్ వీఎంఎక్స్ ఫైలును వెతికి రిజిస్టర్ చెయ్యాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు "కదిపారా, కాపీ చేశారా?" అని అడిగితే కదిపామనే చెప్పాలి. కాపీ అంటే కొత్త మ్యాక్ అడ్రసు ఇస్తుంది. పాతదానికి ముడిపెట్టిన లైసెన్సులు మొరాయిస్తాయి.

స్నాప్‌షాట్ ఉంది కదా అని ధీమా పడేవాళ్ళకో మాట. స్నాప్‌షాట్ అసలు డిస్కు ఫైలు మీద ఆధారపడి బతుకుతుంది. అసలు పోతే అదీ పోతుంది.

వీఎంవేర్ వదిలేసి వియన్నావాళ్ళ ప్రాక్స్‌మాక్స్‌కి మారేవాళ్ళ సంగతి మరీ సున్నితం. 2024లో వాళ్ళు ఈఎస్ఎక్స్ఐ నుంచి మెషీన్లను తెచ్చుకునే సదుపాయం పెట్టారు, బాగుంది. కానీ దానికి పాత హోస్టు ఇంకా నడుస్తూ ఉండాలి. ఉన్న ఒక్క సర్వరునీ ముందే చెరిపేస్తే ఎక్కడినుంచి తెచ్చుకుంటారు?

మన ఊళ్ళో సంక్రాంతికి వెల్ల వేసేటప్పుడు సామానంతా వసారాలో పెట్టేవారు. గదిలోనే ఉంచి దుప్పటి కప్పేస్తే పని తొందరగా అవుతుందని తెలియక కాదు. అందుకే నా మటుకు నాకు ఒకటే నియమం: మెషీన్ల కాపీ వేరే డిస్కు మీద ఉండాలి, దాన్ని ఇంకో పెట్టెలో ఒకసారి ఆన్ చేసి చూడాలి, ఆ తర్వాతే ఇన్‌స్టాలరు సీడీ పెట్టాలి. ఆన్ చేసి చూడని బ్యాకప్పును నేను లెక్కలోకి తీసుకోను.

"ఒక వారాంతం పోతుంది, ఇంకో డిస్కు కొనాలి" అని క్లయింట్లు గొణుగుతారు. ఒక పళ్ళ డాక్టరు ఆఫీసునే తీసుకోండి. అపాయింట్‌మెంట్లు, ఎక్స్‌రేలు, బిల్లులు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. అది పోతే సోమవారం పొద్దున ఎవరు వస్తున్నారో కౌంటర్లో అమ్మాయికి కూడా తెలియదు. డిస్కు ఖరీదు దానికంటే ఎక్కువంటారా?