ఒక ఫోను, రెండు దేశాల సిమ్ములు

బాలలూ! మన పెద్దమండ్యం, మదనపల్లె, రాయచోటి ప్రాంతాల్లో ఏ తరగతికి వెళ్ళి "మీ ఇంట్లో కువైట్‌లో ఉన్నవాళ్ళెవరు?" అని అడిగినా కొన్ని చేతులు పైకి లేస్తాయి. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఊళ్ళు మనవి. వాన మొహం చాటేసిన ఏడు అమ్మో, నాన్నో, చిన్నాయనో విమానం ఎక్కుతారు. ఎక్కేముందు ఒక ఫోను కొంటారు. అందులో ఇక్కడి సిమ్ము ఒకటి, అక్కడి సిమ్ము ఒకటి వేయాలి. ఆ ఫోను ఎంచే పని ఈ రోజుల్లో ఎవరిమీద పడుతోంది? మీమీదే! "నీకు తెలుసు గదా, మంచిది చూడు" అంటారు పెద్దలు. మీరేమో ముందుగా కెమెరా చూస్తారు. నా అభిప్రాయంలో కెమెరాను అన్నిటికన్నా చివర చూడాలి. మొదట చూడవలసింది లోపలి రేడియోను.

సెల్‌ఫోను అంటే మాట పంపే, మాట అందుకునే రేడియో అన్నమాట. టవరు ఏ పౌనఃపున్యంలో పలుకుతోందో ఫోను ఆ పౌనఃపున్యాన్ని వినగలగాలి. మన దేశంలో 4జి సేవలకు 850, 1800, 2300 మెగాహెర్ట్జుల వంటి పట్టీలు వాడుతున్నారు. తరంగదైర్ఘ్యం ఎంతో మీరే లెక్క కట్టవచ్చు. 300ను మెగాహెర్ట్జులతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. 1800కు సుమారు 17 సెంటీమీటర్లు, 850కి సుమారు 35 సెంటీమీటర్లు. పొడవైన తరంగం గుట్టల చాటుకూ, గోడల లోపలికీ కాస్త మెరుగ్గా చేరుతుంది. మన గుట్టల మధ్య ఊళ్ళకు ఆ 850 ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. సిమ్ములు రెండు దేశాలవైనా ఫోను ఒక సమయంలో ఉండేది ఒక్క దేశంలోనే! మదనపల్లె టవరు పలుకు కువైట్‌కు చేరదు. అక్కడ ఉన్నంతకాలం మన సిమ్ము కూడా అక్కడి టవరునే పట్టుకుని, అతిథిగా కూర్చుంటుంది. దీన్నే రోమింగ్ అంటారు. ప్రతి సిమ్ములోనూ ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అందులో మొదటి మూడంకెలు దేశాన్ని తెలుపుతాయి. మనకు 404, 405, కువైట్‌కు 419. అక్కడి కంపెనీ 404 చూడగానే మన కంపెనీని "ఈమె మీ మనిషేనా? లోపలికి రానివ్వమంటారా?" అని అడుగుతుంది. ఔనంటేనే చోటు. అందుకే విమానం ఎక్కకముందే రోమింగ్ తెరిపించుకోవాలి.

కాబట్టి ఫోనుకు రెండు దేశాల పట్టీలూ రావాలి: అక్కడ ఉన్నప్పుడు అక్కడివి, సెలవుకు వచ్చినప్పుడు ఇక్కడివి. కువైట్ విషయంలో బెంగ అక్కరలేదు. 1800 ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మదనపల్లెలో కొన్న మామూలు ఫోను అక్కడ చక్కగా పనిచేస్తుంది. అమెరికాకు చదువుకు వెళ్ళే అన్నయ్య సంగతి వేరు. అక్కడ 600, 700, 1900 వంటి పట్టీలు ఎక్కువ. ఇక్కడి చవక ఫోనుల్లో కొన్నిటికి అవి రావు. ఆయన అక్కడికి వెళ్ళి కొనుక్కోవడమే మేలు. కాని ఆయన అక్కడినుంచి పంపే ఐఫోనుతో మరో చిక్కు! 2022లో వచ్చిన 14వ నంబరు మొదలు అమెరికాలో అమ్మే ఐఫోనులకు సిమ్ము పెట్టే అర అసలే లేదు. ఈ-సిమ్ము ఒక్కటే దిక్కు. ఒకే పేరుతో అమ్మే ఫోనులు దేశాన్నిబట్టి మారుతుంటాయి గనుక పేరు కాక మోడల్ నంబరు చూడండి.

పాత ఫోను వారసత్వంగా ఇస్తున్నారా? రెండో అర సంగతి కనుక్కోండి. కొన్ని పాత ఫోనుల్లో ఆ అర 2జి మాత్రమే పలుకుతుంది. జియోకు 2జి లేదు గనుక ఆ సిమ్ము అందులో మూగదవుతుంది. మరికొన్నిట్లో రెండో సిమ్ము పెడితే మెమరీ కార్డుకు చోటుండదు.

రెండు సిమ్ములున్నా చవక ఫోనుల్లో రేడియో సాధారణంగా ఒక్కటే. అది వంతులవారీగా వింటుంది. ఒక కునుకు తీసి, లేచి మొదటి సిమ్ముకు పిలుపుందా అని ఒక క్షణం విని, మరో కునుకు తీసి రెండోదానికి వింటుంది. కాని ఒక సిమ్ము మీద మాట్లాడుతున్నప్పుడు రేడియో మొత్తం దానికే అంకితం. రెండో నంబరుకు చేసినవారికి "అందుబాటులో లేరు" అన్న జవాబు వస్తుంది. ఇళ్ళలో పనిచేసే అమ్మకు ఫోను పట్టే తీరిక దొరికేది రాత్రి పదింటికి. మనకప్పుడు పన్నెండున్నర. ఆ జవాబు విని ఏడుపు ముఖం పెట్టకండి. పది నిమిషాలాగి మళ్ళీ చేయండి.

ఇంతకీ మన సిమ్ము అక్కడ ఎందుకు అంటారేమో. బ్యాంకువారు పంపే ఓటీపీ వచ్చేది దానికే. ఆధార్‌కు జతపడిందీ అదే. రోమింగ్‌లో సందేశం అందుకోవడానికి సాధారణంగా రుసుముండదు. పిలుపు అందుకుంటే మాత్రం జేబు ఖాళీ! అందుచేత మాటలకూ, ఇంటర్నెట్‌కూ కువైట్ సిమ్ము, మనదానికి డేటా రోమింగ్ ఆపివేసి సందేశాలు మాత్రం. "వాడడం లేదు గదా" అని రీచార్జి మానేయడం నాకు బొత్తిగా నచ్చని పొదుపు. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడివుంటే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. కొంతకాలానికి అదే నంబరు మరెవరికో వెళుతుంది. అమ్మ రెండేళ్ళు చెమటోడ్చి పంపిన డబ్బుకు తాళంచెవి ముక్కూమొగం తెలియనివారి జేబులోకి పోయినట్టే! ఆ గడువు తేదీలు ఇంటి క్యాలెండరు మీద రాసిపెట్టే పని మీరు తీసుకోండి.

ఇక దుకాణానికి పోదాం. స్టార్, హ్యాష్, సున్న, ఆరు, హ్యాష్ నొక్కండి. పదిహేనంకెల సంఖ్యలు రెండు కనబడతాయి, అరకొకటి. నోటుపుస్తకంలో ఎక్కించుకోండి, ఫోను పోతే పనికొస్తాయి. తర్వాత ఇంట్లో ఉన్న రెండు సిమ్ములూ వేసి, ఒక్కొక్కదానినుంచీ అమ్మచేత మీకు ఫోను చేయించండి. రెండూ మోగితే, అప్పుడు కెమెరా చూడండి.