ఒకే రొట్టె... ఎన్ని బల్లలు?

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఎత్తిపోతల దగ్గర ఆగని వాళ్లు తక్కువ. 70 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకుతుంటే పిల్లలు చూపు తిప్పుకోరు. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అవి ఒక వాగు నీళ్లు కావు. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు... మూడూ కలిసి దూకే చోటు అది. కింద గుండంలో పడ్డాక ఏ చుక్క ఏ వాగుదో ఎవరూ చెప్పలేరు.

నీళ్లకు అది సులువే. మనుషులకే కష్టం.

ఆ చుట్టుపక్కల పల్లెల్లోకి ఓ ఆదివారం ఉదయం వెళ్లి చూడండి. చిన్న ఊరే అయినా రెండు మూడు చర్చిలుంటాయి. మైకులో వినపడే పాట ఒకటే. చేతిలో ఉండే బైబిలూ ఒకటే. కానీ ఈ చర్చివాళ్లు ఆ చర్చికి వెళ్లరు. ఆ చర్చివాళ్లు ఈ గడప తొక్కరు.

క్రైస్తవుల ఇళ్లలో జాతకాలు చూడరంటారు. నిజమే. కానీ పెళ్లిచూపుల్లో కాఫీ చల్లారేలోపే ఒక ప్రశ్న వస్తుంది. ‘‘మీరు ఏ మిషనండీ?’’ అమ్మాయి లూథరన్ అనుకోండి. చంటిబిడ్డగా ఉన్నప్పుడే తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చేశారు. అబ్బాయి వాళ్లు బాప్టిస్టులు. పెద్దయ్యాక, తెలిసి నమ్మి, నీళ్లలో మునిగితేనే అది బాప్తిస్మం అంటారు. మరి కోడలు మళ్లీ మునగాలా? మునిగితే ‘మేమిచ్చింది ఏమైనట్టు?’ అని పుట్టింట్లో అమ్మమ్మ కళ్లు ఒత్తుకుంటుంది. మునగకపోతే అత్తింటి చర్చిలో రొట్టె పళ్లెం ఆ పిల్లను దాటుకుని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు.

ఏసు తన శిష్యులతో చివరిసారి కూర్చుని పంచుకున్న భోజనానికి గుర్తు ఆ రొట్టె, ద్రాక్షరసం. ‘ప్రభువు బల్ల’ అంటారు. క్యాథలిక్కులకు అది దివ్యసత్ప్రసాదం. అందరినీ కూర్చోబెట్టాల్సిన బల్ల దగ్గరే ఎందుకిన్ని గీతలు పడ్డాయి?

దొర గుడారం ఎక్కడ పడితే...

1842 జులై 31న ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు చేరాడు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మనిషి. ఆయనకు అండగా నిలిచిన గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ లూథరన్ కాదు, ఇంగ్లండు సంఘానికి చెందినవాడు. సాయం చేయడానికి ఆ తేడా ఆయనకు అడ్డురాలేదు. 1849లో హయ్యర్ పల్నాడులోని గురజాలకు మకాం మార్చాడు. ఈ ప్రాంతంలో లూథరన్ సంఘాలకు పునాది అదే.

అప్పటికే మచిలీపట్నంలో ఆంగ్లికన్లు, నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు ఉన్నారు. తర్వాత ఒంగోలు బాప్టిస్టులకు పెద్ద కేంద్రమైంది. కాకినాడకు కెనడా బాప్టిస్టులు వచ్చారు. మెదక్ వైపు మెథడిస్టులు. వీళ్లందరికంటే ముందు నుంచీ ఫిరంగిపురం లాంటి చోట్ల క్యాథలిక్కులు ఉండనే ఉన్నారు. ఒకరి ప్రాంతంలో ఒకరు అడుగు పెట్టకూడదని ప్రొటెస్టెంట్ మిషన్లు తమలో తాము సర్దుబాటు చేసుకున్నాయి. ఆ ఉద్దేశం మంచిదే, పోటీ పడి కొట్టుకోకూడదని. ఫలితం మాత్రం విచిత్రంగా తేలింది. కృష్ణకు ఇటు పుడితే లూథరన్, అటు పుడితే ఆంగ్లికన్. మన తాతముత్తాతల్లో మార్టిన్ లూథర్ పుస్తకాలు చదివి లూథరన్లయినవాళ్లు ఎందరుంటారు? ఏ దొర గుడారం తమ ఊరి దగ్గర పడితే ఆ సంఘంలో చేరారు, అంతే.

ఇంకో విచిత్రం వినండి. అంతర్యుద్ధం నాటికి అమెరికాలో లూథరన్లు చీలిపోయారు. ఉత్తరాది దక్షిణాది గొడవ కొంత, సిద్ధాంతాల గొడవ కొంత. 1867లో అక్కడ కొత్తగా మరో కూటమి పుట్టింది. దాంతో ఇక్కడ గుంటూరు మిషన్ ఒకరి చేతిలో, రాజమండ్రి మిషన్ ఇంకొకరి చేతిలో ఉండిపోయాయి. 1869లో రాజమండ్రిని ఏకంగా ఆంగ్లికన్లకు అప్పగించేయాలనే ఆలోచన వస్తే, అప్పటికి 76 ఏళ్ల హయ్యరే అడ్డుపడి, నేను వెళతానని మళ్లీ ఓడెక్కాడు. అదే తెలుగు, అదే లూథరన్ విశ్వాసం. అయినా దాదాపు యాభై ఏళ్లు గుంటూరు వేరు, రాజమండ్రి వేరు. 1918లో అమెరికాలో ఆ వర్గాలు కలిసిపోయాయి. 1927లో ఇక్కడ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది.

అక్కడ గొడవపడితే ఇక్కడ గీత పడింది. అక్కడ రాజీపడితే ఇక్కడ చెరిగింది.

దోర్నకల్ బిషప్పు పట్టుదల

ఈ తంతు చూసి విసిగిపోయినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళనాడు నుంచి 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ల మధ్యే జీవితం గడిపాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. ఇంగ్లండులోనో అమెరికాలోనో పుట్టిన తగవుల్ని ఇక్కడి పల్లె రైతు, కూలీ ఎందుకు మోయాలన్నది ఆయన బాధ.

1919 మే నెలలో తమిళనాట తరంగంబాడిలో 33 మంది సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. కలిసిపోదాం అన్నారు. అనడం తేలిక. కలవడానికి 28 ఏళ్లు పట్టింది! చిక్కు ఎక్కడంటే పాస్టర్ల దగ్గర. బిషప్పు చేతులుంచి అభిషేకిస్తేనే ఆ పాస్టరు రొట్టె విరవవచ్చన్నది ఆంగ్లికన్ల పట్టు. అసలు బిషప్పులే లేని సంఘాలు మిగతావి. ‘అయితే ఇన్నేళ్లూ మా పాస్టర్లు ఇచ్చింది ఉత్త రొట్టేనా?’ అని వాళ్లకు కోపం రాదూ?

చివరికి మధ్యేమార్గం దొరికింది. ఇప్పటికే ఉన్న పాస్టర్లందరినీ ఉన్నవాళ్లను ఉన్నట్టే అంగీకరిద్దాం. ఎవరికీ మళ్లీ అభిషేకం అక్కర్లేదు. ఇకముందు మాత్రం బిషప్పుల చేతుల మీదుగా జరిపిద్దాం. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి సరిపడని పాస్టర్నీ, పద్ధతినీ రుద్దకుండా చూద్దాం... ఇదీ ఒప్పందం.

1947 సెప్టెంబరు 27. స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర కాలేదు. మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే 1908లో ఒక్కటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మనం సీఎస్ఐ అంటున్నది దాన్నే. బిషప్పులున్న సంఘం, బిషప్పుల్లేని సంఘాలు ఇలా ఒక్కటవడం ప్రపంచంలో అంతకుముందు ఎరగని సంగతి. దేశం రెండు ముక్కలైన ఏడాదే ఈ కలయిక జరిగింది. అజరయ్య మాత్రం చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశాడు.

అంతా సాఫీగా అయిపోయిందనుకోకండి. నంద్యాల ప్రాంతంలో చాలా ఆంగ్లికన్ సంఘాలు ఒప్పుకోక విడిగానే ఉండి, 1975లో గానీ చేరలేదు. లూథరన్లు, బాప్టిస్టులు అసలు చేరలేదు. అంటే ఆనాటి మహా కలయిక పల్నాటి పల్లెల గడప దాకా పెద్దగా రాలేదన్నమాట.

గొంతులు కలిశాయి

అలాగని ఇక్కడ ఏమీ కలవలేదనడం తప్పు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం చూడండి. లూథరన్ ఇంట్లోనూ అదే, బాప్టిస్టు ఇంట్లోనూ అదే, సీఎస్ఐ ఇంట్లోనూ అదే. పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకుంటే ఆయన ఏ మిషనని ఎవరూ అడగరు. 1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలైంది. వేర్వేరు సంఘాల పాస్టర్లు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. డిసెంబరు వచ్చిందంటే ఊరూరా యునైటెడ్ క్రిస్మస్. అన్ని సంఘాల పాస్టర్లు ఒకే వేదిక మీద నిలబడి కేకు కోస్తారు. పక్కన ఎమ్మెల్యే గారు కూడా ఉంటారు.

పైస్థాయిలోనూ దూరం తగ్గింది. 1964లో రోమ్‌లో జరిగిన వాటికన్ మహాసభ ఇతర క్రైస్తవులతో ఐక్యత కోసం ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్కులు, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. మనిషికి రక్షణ దేవుని కృప వల్లేనన్న మూల విషయంలో మన మధ్య తేడా లేదని దాని సారాంశం. 16వ శతాబ్దంలో యూరప్‌ను చీల్చిన తగవు అదే కదా! మన ఆంధ్ర లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలే. అంటే ఆ సంతకం గురజాల లూథరన్ తరఫునా, రెంటచింతల క్యాథలిక్ తరఫునా పడినట్టే. ఆ సంగతి ఇద్దరిలో ఎందరికి తెలుసు?

అయినా బల్ల మాత్రం కలవలేదు. పూర్తి ఐక్యత కుదిరాకే కలిసి తినాలని క్యాథలిక్ సంఘం అంటుంది. బాప్తిస్మం విషయంలో బాప్టిస్టులు మెట్టు దిగరు. అది మొండితనం కాదు, వాళ్ల నమ్మకం. దాన్ని పండితులు, పెద్దలు కూర్చుని తేల్చుకోవాలి. పదవుల కోసం, ఆస్తుల కోసం ఒకే సంఘంలోని వాళ్లు కోర్టుల చుట్టూ తిరగడానికి మాత్రం ఏ నమ్మకాన్నీ సాకుగా చూపలేం.

ఓడలో రాని గీత

ఇన్ని గీతల గురించి చెప్పుకున్నాం. అన్నీ ఓడలెక్కి వచ్చినవే. ఏ ఓడా తేని గీత ఇంకొకటుంది. అది మనదే. కులం.

గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. కొన్ని క్యాథలిక్ ఊళ్లలో రెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కాబట్టి ‘మీరు ఏ మిషనండీ?’ అన్న ప్రశ్న వెనక చాలాసార్లు దాగి ఉండేది ఇంకో ప్రశ్న. ఆ ప్రశ్న మిషన్ హద్దుల దగ్గరా ఆగలేదు. ఒకే సంఘానికి చెందినవాళ్లు ఒకే ఊళ్లో ఉండి కూడా మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి కట్టుకున్న చోట్లున్నాయి. సమాధుల దగ్గరా అదే విడిదనం.

దీనికి దూరదేశపు పుస్తకాలు తిరగేయక్కర్లేదు. పల్నాడంటేనే అన్నదమ్ముల చీలిక కథ. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఒక్క తండ్రి బిడ్డలు కారెంపూడిలో కత్తులు దూసుకున్నారు. ఆ కథలోనే ఇంకో మాట కూడా ఉంది... చాపకూడు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మాల కన్నమదాసును కన్నకొడుకులా పెంచుకుని సేనానిని చేశాడు. ఆ పంక్తి ఎంతమందికి కంటగింపయిందో వీరుల కథ పాడేవాళ్లు నేటికీ చెబుతారు. ఏటా కార్తీకంలో కారెంపూడి వీరుల ఉత్సవాలప్పుడు చాపకూడు ఇప్పటికీ వడ్డిస్తారు.

ఆ నేల మీదే ప్రభువు బల్ల కూడా వేశారు. చాప పరిచిన ఊళ్లలో బల్ల చుట్టూ గీత ఉండటం న్యాయమేనా?

ఏటా జనవరి 18 నుంచి 25 వరకు చాలా దేశాల్లో క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థనా వారం జరుపుతారు. ప్రార్థన మంచిదే. కలిసి పాడుకోవడం, కేకు కోసుకోవడం మంచివే. అయితే లూథరన్‌కీ క్యాథలిక్‌కీ మధ్య మిగిలిన తేడాలు తేలాలంటే రోమ్ ఒప్పుకోవాలి, జెనీవా ఒప్పుకోవాలి. ఎన్నేళ్లు పడుతుందో! ఒకే ఊరు, ఒకే సంఘం, ఒకే బిషప్పు ఉన్న రెండు పల్లెల మధ్య ఆ అడ్డంకి లేదు. రోమ్ అనుమతి అక్కర్లేదు, మరో ఆగ్స్‌బర్గ్ సంతకం అక్కర్లేదు. 28 ఏళ్ల చర్చలూ అక్కర్లేదు. మాలపల్లె చర్చికి మాదిగపల్లె వాళ్లను పిలవాలి. వచ్చే నెల వాళ్ల చర్చికి వీళ్లు వెళ్లాలి. రొట్టె పళ్లెం అందరి ముందూ ఆగాలి. అంతే.

అందుకు కావాల్సింది ఒక్క ఆదివారం. మొదట లేచి రోడ్డు దాటే నలుగురు పెద్దమనుషులు.